హునర్‌తోపాటు తద్బీర్ కూడా కావాలి
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్న విషయంలో రెండు ముక్కలున్నాయి. కళను నమ్ముకుని బతికేవాళ్లకు వ్యాపారంలో తద్బీర్, అంటే ముందుచూపుతో వేసుకున్న పథకం, ఎందుకు కావాలన్నది ఒకటి. మనసులోని అభిప్రాయాన్ని అచ్చులో పెట్టడానికి ఎందుకు జంకుతామన్నది రెండోది. కార్యదర్శిగారు రెండూ ఒకే చీటీ మీద రాసి ఇస్తే, వీటికి పొత్తేమిటా అనుకున్నాను. ఆలోచించగా పొత్తు ఉందనే తోచింది. నేను ఉర్దూ పంతుల్ని కనుక ఉర్దూ అచ్చు లోకంలోంచే చెబుతాను.

మా అబ్బాజాన్ స్నేహితులొకరు హైదరాబాదు ఛత్తాబజారులో కాతిబ్‌గా ఉండేవారు. చిన్నప్పుడు సెలవుల్లో వెళ్లి ఆయన పక్కన కూర్చునేవాణ్ణి. రెల్లు కలం మొన చెక్కి, సిరాలో ముంచి నస్తాలీఖ్ అక్షరం రాస్తే చూస్తూ ఉండిపోవాల్సిందే. అయితే బేరం దగ్గర ఆయనకు నోరు పెగలదు. ఎవరెంత ఇస్తే అంత. శుభలేఖకు ఎంత, పుస్తకానికి ఎంత అన్న లెక్క లేదు. 1981లో పాకిస్తాన్‌లో మీర్జా అహ్మద్ జమీల్ నూరీ నస్తాలీఖ్‌ను మిషను మీదికి ఎక్కించారు. లాహోరు "జంగ్" పత్రిక దానితోనే అచ్చయింది. 1990లలో కంప్యూటర్ నస్తాలీఖ్ మన గల్లీలకూ వచ్చింది. "ఈ వంపు మిషనుకు రాదు బేటా" అని ఆయన కూర్చున్నారు. పక్క దుకాణం కుర్రవాడు ఆరు నెలలు కంప్యూటర్ నేర్చుకున్నాడు. పుస్తకాలు మిషను మీద, శుభలేఖ మీద పేర్లు మాత్రం చేత్తో, దానికి వేరే రేటు అని బోర్డు పెట్టాడు. అక్షరంలో ఆ కుర్రవాడు పెద్దాయనకు సగం కూడా రాడు. కానీ వాడి దుకాణం నిలిచింది, ఈయన కలం పెట్టెలోకి పోయింది. ఇది తల్చుకుంటే నాకిప్పటికీ బాధే.

తద్బీర్ అంటే ఏమిటో చూడాలంటే లక్నోలో మున్షీ నవల్ కిశోర్‌ని చూడాలి. 1857 తిరుగుబాటు అణిగాక, శిథిలమైన ఆ ఊళ్లో 1858లో ప్రెస్సు పెట్టారు. సర్కారు కాగితాలు, బడి పుస్తకాలు అచ్చువేసే పని సంపాదించుకున్నారు. అది నికరమైన రాబడి. ఆ అండతో అరబ్బీ, ఫార్సీ, ఉర్దూ, సంస్కృత గ్రంథాలు వేశారు. హిందువై ఉండి ఖురాన్ షరీఫ్‌ను పేదవాడు కొనగల వెలకు అచ్చువేశారు. "అవధ్ అఖ్బార్" నడిపారు. రతన్‌నాథ్ సర్షార్ "ఫసానా-ఎ-ఆజాద్" 1878 నుంచి అందులోనే ధారావాహికగా వచ్చింది. సర్కారు పని మీద బతికేవాడు సర్కారును గట్టిగా విమర్శించలేడు కదా అని మీరడగవచ్చు. నిజమే. ప్రతి రాబడికీ ఒక తాడు ఉంటుంది. తాడు ఎవరి చేతిలో ఉందో తెలిసి ఉండడం కూడా తద్బీర్‌లో భాగమే.

ఇక భయం సంగతి. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1859లో "అస్బాబ్-ఎ-బగావత్-ఎ-హింద్" రాశారు. తిరుగుబాటుకు కారణం ఏలికల తప్పులేనని చెప్పిన పుస్తకం. ఆ రోజుల్లో అనుమానం వస్తే చాలు ఉరితీసేవారు. 500 ప్రతులు అచ్చయ్యాక, తగలబెట్టెయ్యమని స్నేహితులు బతిమాలారు. ఆయన తగలబెట్టలేదు, బజారులో పంచనూ లేదు. ఒక ప్రతి ఇక్కడి ప్రభుత్వానికి పంపి, దాదాపు మిగిలినవన్నీ ఇంగ్లాండు పంపారు. తీర్పు చెప్పగలవాళ్ల ముందే మాట పెట్టారన్నమాట. శిక్షించాలన్న అధికారులున్నా, శిక్ష పడలేదు.

మౌలానా ఆజాద్ దారి వేరు. 1912లో కలకత్తానుంచి "అల్ హిలాల్" తెచ్చారు. రాతిఅచ్చు బదులు టైపు, మంచి బొమ్మలు, చూడముచ్చటైన పత్రిక. ప్రెస్ చట్టం కింద సర్కారు రెండు వేలు జామీను అడిగింది, అది జప్తు చేసి పది వేలు అడిగింది. 1914లో పత్రిక ఆగిపోయింది. 1915లో "అల్ బలాగ్" పేరుతో మళ్లీ మొదలుపెట్టారు. 1916లో ఆయన్ని బెంగాలు వదిలి పొమ్మన్నారు, రాంచీలో నిర్బంధించారు. మన హైదరాబాదులోనే "ఇమ్రోజ్" సంపాదకుడు షోయబుల్లా ఖాన్ ఇండియన్ యూనియన్‌లో చేరాలని రాసినందుకు 1948 ఆగస్టులో ప్రాణమే ఇచ్చాడు. వాళ్లతో పోల్చుకుంటే మన భయాలు ఎంతటివి? ఎవరూ మనల్ని రాంచీ పంపరు. పలానావారు సలాం మానేస్తారు, పెళ్లికి పిలవరు, అంతే. అయినా చెయ్యి వణుకుతుంది.

ఎందుకు చెబుతున్నానంటే, రెండేళ్ల క్రితం ఈ సంచిక కోసమే నేనొక వ్యాసం రాశాను. జోడే కీ రఖమ్ గురించి. అల్లుడికిచ్చే ఆ డబ్బు కోసం మన గల్లీలో ఇళ్లు తాకట్టు పడుతున్నాయని, ఒకే రాత్రి విందుకు ఆడపిల్ల చదువు డబ్బంతా పోతోందని. రాసి, మడిచి, బీరువాలో పెట్టేశాను. మా తమ్ముడి నికా‌లో మేమూ ఆ డబ్బు తీసుకున్నవాళ్లమే, అది మొదటి భయం. రెండోది, మన సంచిక ఎవరి ప్రకటనలతో అచ్చవుతోంది? ఫంక్షన్ హాళ్లు, నగల దుకాణాలు, కేటరింగ్‌వాళ్లు. వాళ్లను తప్పు పట్టడం లేదు, వాళ్లు మనవాళ్లే. కానీ ఆడంబరపు పెళ్లిళ్లు వద్దన్న వ్యాసం పక్క పేజీలోనే షాదీఖానా ప్రకటన ఉంటే, వచ్చే ఏడు ఆ ప్రకటన వస్తుందా అని కమిటీ ఆలోచించదా? నేనే ఆలోచించాను.

కనుక కమిటీవారికి నాదొక మనవి. 300 ఇళ్లనుకుందాం. ఇంటికి 100 రూపాయలు రంజాను ముందే సంచిక చందాగా తీసుకుంటే 30 వేలు. కాగితం ఖర్చులో పెద్ద వంతు అక్కడే తీరుతుంది. ప్రకటనలు రానివ్వండి, అవి పైరాబడి. రచయితకు, కాతిబ్‌కు, బొమ్మ వేసిన పిల్లవాడికి కూడా కొంచెమైనా ఇవ్వండి. "మనవాడే కదా" అని ఉత్తినే చేయించుకోవడం మనలో ఒక జబ్బు.

ఆ వ్యాసం ఇవాళ జేబులో తెచ్చాను. తమ్ముడికి చూపించాను. చదివి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "భాయ్‌జాన్, నా పెళ్లి సంగతి కూడా రాయండి, లేకపోతే లోకం నవ్వుతుంది" అన్నాడు. రాశాను. సభ అవగానే కార్యదర్శిగారి చేతికిస్తాను. ఖుదా హాఫిజ్.