అధిక బరువు – నింద వద్దు, వైద్యం కావాలి

(సమాఖ్య వార్షిక మహాజన సభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



లావుగా ఉన్న ఆడమనిషిని చూస్తే చాలు, "తిని కూర్చుంటుంది" అనేస్తాం. పొద్దంతా పొలం పని చేసి, ఇంటెడు చాకిరీ చేసే ఆమెకీ ఆ మాట తప్పదు. ఆ నింద పడలేక పూట తిండి మానేసేవాళ్లు, సంఘంలో అప్పు తీసి పొడి డబ్బాలు కొనేవాళ్లు ఉన్నారు. అసలు ఒంట్లో ఏం జరుగుతుందో తెలుసుకుందాం.

మన సంఘానికి పొదుపు ఎలాగో ఒంటికి కొవ్వు అలాగ. నిల్వ ఎంత ఉందో మెదడుకు చెప్పడానికి కొవ్వు నుంచి లెప్టిన్ అనే హార్మోన్ వెళ్తుంది. శాస్త్రవేత్తలు దీన్ని 1994లో గుర్తించారు. బాగా బరువు పెరిగినవాళ్లలో లెప్టిన్ ఎక్కువే ఉంటుంది, కానీ మెదడు ఆ కబురును సరిగా అందుకోదు. కడుపు మాడ్చుకుంటే నిల్వ పోతోందని మెదడు కంగారుపడి ఆకలి పెంచుతుంది, ఒంట్లో శక్తి ఖర్చు తగ్గిస్తుంది. అందుకే పస్తులతో తగ్గిన బరువు మళ్లీ వచ్చేస్తుంది. అది మనసు బలహీనత కాదు.

వంశం నుంచి వచ్చే గుణం, థైరాయిడ్ తగ్గడం, నెలసరి తప్పించే పీసీఓఎస్, నిద్ర చాలకపోవడం, స్టెరాయిడ్ వంటి మందులు కూడా బరువు పెంచుతాయి. అలాగని వాడే మందు సొంతంగా ఆపకండి, డాక్టరునే అడగండి.

మరి ఏం చేయాలి? నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు, అంటే సుమారు 31.5 అంగుళాలు దాటితే జాగ్రత్తపడాలి. 30 ఏళ్లు దాటినవాళ్లకు ఉపకేంద్రంలో బీపీ, షుగర్ పరీక్షలు ఉచితం. కంచంలో అన్నం కొంత తగ్గించి పప్పు, గుడ్డు, ఆకుకూరలు పెంచండి. వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవండి. 80 కిలోల మనిషి నిదానంగా 4 కిలోలు తగ్గినా షుగర్, బీపీలకు మేలే.

ఇవి చాలనివాళ్లకు ఆకలి తగ్గించే ఇంజెక్షన్లు, మరీ ఎక్కువ బరువుంటే పొట్ట ఆపరేషన్ ఉన్నాయి. ఇంజెక్షన్ ఖరీదైనది, ఆపితే బరువు తిరిగి రావచ్చు. రెండూ డాక్టరు చెప్తేనే.

ఈసారి ఏ అక్కైనా పొడి డబ్బా కోసం అప్పు అడిగితే, తీర్మానం రాయకముందే ఆమెను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్దాం.