చిత్రలేఖ వృత్తి

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



ఉషాపరిణయగాథ నెఱుగనివారు తెలుగునాట అరుదు. బాణాసురుని కూతురు ఉష కలలో నొక యువకుని చూచెను. అతని పేరెఱుగదు, ఊరెఱుగదు. అప్పుడు చెలికత్తె చిత్రలేఖ కుంచె చేపట్టి దేవ గంధర్వ మానవ కుమారుల రూపములను వరుసగా వ్రాసి చూపెను. అనిరుద్ధుని రూపము కనబడగనే ఉష సిగ్గుతో తల వంచెను. ద్వారకనుండి అతనిని తెచ్చినదియు చిత్రలేఖయే. అయినను కథ ముగిసిన పిమ్మట లోకము ఉషానిరుద్ధులను తలచుకొనును గాని చిత్రలేఖ ఏమయ్యెనని అడుగువారు లేరు.

ఒకరి మనస్సులోని కలకు కంటికి కనబడు రూపము కల్పించుటయే చిత్రలేఖ చేసిన పని. చలనచిత్ర లోకమున నేడిది యొక వృత్తి. దానిని చేయువానిని కాన్సెప్ట్ ఆర్టిస్టు అందురు. తెలుగున భావచిత్రకారుడు అనవచ్చును.

ఈ పని తెలియుటకు బొమ్మల చలనచిత్రము తయారగు తీరు తెలియవలెను. తోలుబొమ్మలాటలో ఒకే బొమ్మకు కీళ్లు కట్టి పుల్లలతో ఆడింతురు. బొమ్మల చలనచిత్రమున అట్లు గాదు. బొమ్మ చేయి యెత్తవలెనన్న, ఎత్తకముందు ఒక బొమ్మ, ఎత్తిన పిమ్మట ఒక బొమ్మ, ఆ రెంటి నడుమ మఱికొన్ని బొమ్మలు వేఱువేఱుగ వ్రాయవలెను. తెరపై సెకండునకు 24 చిత్రములు గడచును. ముఖ్యమైన భంగిమలను పెద్ద చిత్రకారులు వ్రాయగా, నడిమి బొమ్మలను చిన్న యుద్యోగులు పూరింతురు. ఇట్లు బొమ్మకు చలనము కల్పించువాడు యానిమేటరు.

భావచిత్రకారుని పని వీరందరికంటె ముందుది. కథ నడచు అడవి యెట్టిది, వెలుతురు ఏ వైపునుండి పడును, వాన కురియునప్పుడు చూచువాని మనస్సు ఎట్లుండవలెను అను సంగతులను అతడు చిన్న చిన్న చిత్రములుగ వ్రాసి చూపును. ఆ చిత్రములు తెరమీదికి రావు. వానిని చూచి తక్కినవారు వ్రాసినవే వచ్చును. ఇల్లు లేచిన పిదప పునాదికి పోసిన ముగ్గు ఎవరికిని కనబడదు గదా!

ఈ వృత్తికి టైరస్ వాంగ్ అను చిత్రకారుని జీవితము చక్కని నిదర్శనము. 1910 అక్టోబరు 25న దక్షిణ చైనాలో, గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రమందలి తైషాన్ ప్రాంతమున ఆయన జన్మించెను. తలిదండ్రులు పెట్టిన పేరు వాంగ్ గెన్ యో. 1920లో తండ్రితో ఓడయెక్కి అమెరికాకు బయలుదేరెను. ఇంట విడిచిన తల్లిని, సోదరిని మఱల చూడనే లేదు. 1882 నాటి చట్టము చైనా కూలీలు అమెరికాలో అడుగిడుటను నిషేధించియుండెను. 1943 వరకు ఆ చట్టము రద్దు కాలేదు. అందుచే తండ్రికొడుకులు ఇతరుల పేరులు గల కాగితములతో ప్రవేశింపవలసి వచ్చెను. కాగితములో బాలుని పేరు లుక్ తై యౌ. శాన్‌ఫ్రాన్సిస్కో రేవు చెంత ఏంజెల్ ద్వీపమున అధికారులు తండ్రిని ముందుగ విడిచిపెట్టిరి. పదేండ్ల బాలుడు దాదాపు నెలదినములు ఒంటరిగ నిర్బంధమున నుండెను. వెలుపలికి వచ్చి బడిలో చేరినపిదప ‘తై యౌ’ అను పిలుపు ‘టైరస్’ అయ్యెను. ఇట్లు ఒక బాలునికి ఇల్లు పెట్టిన పేరొకటి, కాగితము పెట్టిన పేరొకటి, బడి పెట్టిన పేరొకటి.

తండ్రి బీదవాడు. అయినను కుమారునికి చైనా లిపిని కుంచెతో వ్రాయుట నేర్పెను. సిరాకు, కాగితమునకు డబ్బు లేదు. కుంచెను నీట ముంచి పాత వార్తాపత్రికలపై వ్రాయించెడివాడు. నీరారగనే అక్షరము మాయమగును. ఇసుకలో ఓనమాలు దిద్దిన పెద్దలకు ఈ చదువు క్రొత్తది కాదు. ఆరిపోవు గీతను మరల దిద్దుటకు వీలులేదు. తొలిసారియే సరిగా పడవలెను. ఆ బీద చదువే పిమ్మట ఆయనకు మూలధనమయ్యెను.

లాస్ ఏంజిల్స్ నగరమున ఓటిస్ కళాశాలలో ఉచిత విద్యార్థిగ చేరి, అచ్చటనే ఊడ్చి తుడుచు పనియు చేయుచు చిత్రలేఖనము నభ్యసించెను. కళాశాలలో పాశ్చాత్యరీతి నేర్చెను. సొంతముగ చైనాలోని సోంగ్ రాజుల కాలపు చిత్రములను పరిశీలించెను. మంచులో కరగు కొండలు, వ్రాయక విడిచిన తెలుపే నీరుగను ఆకాశముగను తోచుట ఆ చిత్రముల సొగసు.

1938లో వాల్ట్ డిస్నీ సంస్థలో నడిమి బొమ్మలు వ్రాయు చిన్న యుద్యోగము దొరకెను. అప్పుడచ్చట ఆస్ట్రియా రచయిత ఫెలిక్స్ సాల్టెన్ వ్రాసిన ‘బ్యాంబీ’ అను జింకపిల్ల కథను చలనచిత్రముగ తీయ యత్నించుచుండిరి. అడవిని వ్రాసినవారు ప్రతి ఆకును, ప్రతి కొమ్మను శ్రద్ధతో వ్రాసిరి. ఆకులన్నియు కనబడెను గాని జింక కనబడలేదు! ఈ చిక్కు విని టైరస్ ఆ నవలను చదివి, తనంతట తాను కొన్ని చిన్న చిత్రములు వ్రాసి చూపెను. అందు చెట్లు నీడలుగ మాత్రమే యుండెను. పొగమంచు, ఒక వెలుగుచార, దాని నడుమ చిన్న జింక. చూచువాని కన్ను నేరుగ జింకపైకి పోయెను. వాల్ట్ డిస్నీకి అవి నచ్చెను. చిత్రమంతయు ఆ పద్ధతినే నడచెను.

1941లో ఆ సంస్థలో సమ్మె జరిగెను. టైరస్ సమ్మెలో చేరలేదు. అయినను సమ్మె యనంతరము ఆయన యుద్యోగము పోయెను. 1942లో ‘బ్యాంబీ’ విడుదలయ్యెను. చిత్రమునకు రూపము కల్పించినవాని పేరు వెనుకదృశ్యములు వ్రాసిన పలువురి పేరులలో నొకటిగ మాత్రమే పడెను.

ఆయన కుంచె అంతటితో ఆగలేదు. 1942 మొదలు 1968 వరకు, 26 ఏండ్లు, వార్నర్ బ్రదర్స్ సంస్థలో నటులు నటించు చిత్రములకు ముందుచిత్రములు వ్రాసెను. ‘రెబెల్ వితౌట్ ఎ కాజ్’, ‘ది వైల్డ్ బంచ్’ అట్టివానిలో కొన్ని. శుభాకాంక్షల కార్డులకు బొమ్మలు వ్రాసెను. 1954లో ఆయన వ్రాసిన క్రిస్మస్ కార్డు ఒకటి పది లక్షలకు పైగా అమ్ముడయ్యెను. పింగాణి పళ్ళెములపై చిత్రించెను. విశ్రాంతి తీసికొనిన పిదప గాలిపటములు కట్టి సముద్రతీరమున ఎగురవేసెను.

పని మారినకొలది కొలత మారును. చలనచిత్రమున కెమెరా నిలుచు తావు తెలియవలెను. కార్డు అరచేతిలో ఇమిడి ఒక్క చూపులో సంగతి చెప్పవలెను. పళ్ళెము వంపునకు గీత వంగవలెను. గాలిపటమునకు చలనము కల్పించునది గాలియే. విష్ణుధర్మోత్తర పురాణమందలి చిత్రసూత్రము అలలను, మంటను, పొగను, పతాకను గాలి పోకడ నెఱిగి వ్రాయువానినే చిత్రమెఱిగినవానిగ చెప్పుచున్నది. టైరస్ ఆ గ్రంథము చూచెనో లేదో గాని ఆయన చేసినది అదియే. ఎన్ని పనులు మారినను ఆయన సూత్రమొక్కటియే: అక్కరలేనిదానిని విడువవలెను, అప్పుడే అక్కరయైనది కనబడును.

2001లో డిస్నీ సంస్థ ఆయనను తన చరిత్రలోని ప్రసిద్ధుల వరుసలో చేర్చి గౌరవించెను. 2015లో ఆయన జీవితముపై ‘టైరస్’ అను చిత్రము వెలువడెను. 2016 డిసెంబరు 30న, 106 ఏండ్ల వయస్సున ఆయన కన్ను మూసెను. దీర్ఘాయువు కలిగినందున గదా ఆ గౌరవమును కన్నులార చూడగలిగెను! అరువదియేండ్లకే పోయియున్నచో? అట్లు పోయిన చిత్రకారు లెందరో! వారి బొమ్మలు లోకమున నిలిచినవి, పేరులు నిలువలేదు.

గ్రంథాలయము పేరులను నిలుపు స్థలము. ఇరువదియైదేండ్లుగ ఇచ్చటి పుస్తకముల పట్టికలో గ్రంథకర్త పేరు, వెల, చేరిన తేదీ నమోదగుచున్నవి. ముఖచిత్రమును, లోని బొమ్మలను వ్రాసినవారి పేరు పెక్కు పుస్తకములలో లోపుటపై చిన్న యక్షరములతో నుండును. చదువరాని పిల్లవాడు మొదట చదువునది ఆ బొమ్మనే. కావున పట్టికలో గ్రంథకర్త ప్రక్కన చిత్రకారునికొక గడి గీయుట న్యాయము. దానికి ఒక గీత చాలును. గోడపై బొగ్గుతో బొమ్మ గీయు పిల్లవానిని కసరుటకు ముందు వానికొక పలకయు సుద్దముక్కయు ఇచ్చి చూచుట తల్లిదండ్రులకు తగును. అదియు లేనియింట గిన్నెడు నీరు, పాత పత్రిక యుండనే యుండును.

గ్రంథాలయము చిరకాలము వర్ధిల్లుగాక!