తొమ్మిదవ బొమ్మ ఎక్కడికి పోయినది?

(ఉగాది సభలో చేసిన ప్రసంగము)

పండుగనాడు మాట్లాడుమన్నపుడు పద్యమో పురాణమో చెప్పవలసినది. మాకు వచ్చినది మెట్రిక్కు చదువు, రైల్వే పార్సెలు గుమాస్తా పని. కనుక టీవీలో ఆడే బొమ్మలను గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదము. ఇందులో ఒక మనిషికి జరిగిన అన్యాయము ఉన్నది.

మా నాన్నగారు నంద్యాల నుండి బదిలీ మీద బళ్ళారికి వచ్చిన కొత్తలో, మన భాష ఆయన ఒకరు బజారులో టీవీ సామానుల అంగడి పెట్టుకొని ఉండినారు. ఊరుగాని ఊరిలో మొదట పలుకరించినది ఆయనే. 1998లో ఆయన వద్దనే నాన్నగారు మాకు ఆటల పెట్టె కొన్నారు. జపానులో 1983లో వెలువడిన నింటెండో వారి ఫ్యామిలీ కంప్యూటరుకు అది నకలు. కాంట్రా ఆటలో శత్రువులు గుమిగూడగానే మనుషులు, గుండ్లు మినుకుమినుకుమని మాయమయ్యేవి. పెట్టె చెడినదని మార్పించినాము. రెండవదీ అంతే. ‘తెలిసినవారమని పనికిరాని సరుకు అంటగట్టినాడు’ అని నాన్నగారు ఆ గడప తొక్కుట మానినారు. ఉగాది పచ్చడి గిన్నెలు ఇచ్చిపుచ్చుకొనుట కూడ నిలిచిపోయినది.

పాత గాజు టీవీలో చిత్రము ఒక్కసారిగా పుట్టదు. ఒక కిరణము ఎడమ నుండి కుడికి గీతగీతగా గీసుకొంటూ క్రిందికి దిగును. మన దేశపు పద్ధతిలో ఒక్కొక్క గీతకు వ్యవధి సెకనులో పదిలక్షవ వంతులు 64 మాత్రమే. పెట్టెలోని బొమ్మల చిప్పు ఆ కిరణముతో సమానముగా పరుగెత్తవలెను. చిత్రమంతా ముందే గీసి దాచుకొందమన్నా దానికున్న చిత్రపు మెమరీ 2 కిలోబైట్లే. మెమరీ ఆనాడు ప్రియము.

దాని జాబితాలో కదిలే బొమ్మలు 64. ఒక గీత గీయుచుండగనే, రాబోవు గీతమీద ఎవరెవరు పడుదురో జాబితా వెదకి ఎంచుకొనును. కిరణము కుడి చివర చేరి, వెలుగు ఆపుకొని, మరల ఎడమకు వచ్చునంతలో ఎంచిన బొమ్మల రూపములను తెచ్చుకొనవలెను. ఆ సందు సుమారు 12 వంతులు. ఒక్కొక్క బొమ్మకు ఒకటిన్నర. లెక్క వేయండి, ఎనిమిది. తొమ్మిదవది ఆ గీతపై కనబడదు. పైగా బొమ్మ వెడల్పు 8 చుక్కలే. మారియో వంటి మనిషికి అడ్డముగా రెండు కావలెను. నలుగురు ఒక వరుసలో నిలిస్తే బండి నిండినట్లే.

మా పార్సెలు ఆఫీసులో ఇది నిత్యము చూచే సంగతి. బండి ఆగేది ఐదు నిమిషములైతే, ఆ ఐదింటిలో ఎక్కినన్ని మూటలే ఎక్కును; మిగిలినవి ప్లాట్‌ఫారము మీదనే. రోజూ ఒకే వర్తకుని మూట మిగిలితే ఆయన ఊరుకొనునా? ఆటలు వ్రాసినవారును అట్లే యోచించి, జాబితా వరుసను చిత్రము చిత్రమునకు మార్చినారు. ఈసారి ఒకడు మాయమైతే మరుసారి ఇంకొకడు. ఎవ్వరూ పూర్తిగా పోరు, అందరును మినుకుమందురు. మేము చెడినదనుకొన్నది ఆ పంపకమును!

1982 నాటి కామడోర్ 64లోను బొమ్మలు ఎనిమిదే. అక్కడ ఇంకొక యుక్తి. కిరణము దాటిపోయిన బొమ్మను క్రింద వేరొక చోట మరల వాడుకొనుట. ఒంటి లైనులో బండి దాటినాక ఆ లైను మరొక బండికి ఇచ్చినట్లు.

ఈ సంగతి మాకు తెలిసినది నిరుడు. నాన్నగారికి కాగితము మీద గీతలు గీసి చూపినాము. రెండుసార్లు లెక్క అడిగినారు. ‘అయితే రెండవ పెట్టె కూడ మంచిదే’ అన్నారు. అంగడి ఆయన కాలము చేసి చాల ఏండ్లయినది. ఇప్పుడు అక్కడ ఆయన కొడుకు మొబైలు ఫోనులు బాగుచేయుచున్నాడు. మరునాడు నాన్నగారు పోయి, ఇంట రెండుండగా ఒక టార్చిలైటు కొని తెచ్చినారు. ఈ ఉదయము పచ్చడి గిన్నె మేమే తీసుకొనిపోయి ఇచ్చి వచ్చినాము.