పలుకు దాచుకొన్న పేతురు

ఈ దినము మన ధ్యానమునకు వాక్యభాగము మత్తయి సువార్త 26వ అధ్యాయము, 69 నుండి 75 వచనములు. బైబిలు దగ్గర ఉన్నవారు తెరచి ఉంచుకొనండి.

విశాఖపట్నంలోని పూర్ణా మార్కెట్ మీలో చాలామందికి తెలుసు. కూరగాయల బస్తాలు, ఉల్లిపాయల గుట్టలు, కిరాణా కొట్లు, తోపుడు బండ్లు, వాటి మధ్య దారి చేసుకొని నడిచే జనము. అక్కడ చెవిని పడే తెలుగు పాఠ్యపుస్తకాల తెలుగు కాదు. ‘ఏటి కావాలమ్మా’, ‘ఎలగున్నారు’, ‘ఎలిపోనాడు’ అనే ఉత్తరాంధ్ర పలుకు అది. బేరమాడినా, నవ్వినా, కోపపడినా ఆ పలుకుతోనే. అయితే అక్కడ కూరగాయలమ్మే తల్లి కొడుకు కాలేజీలో అడుగు పెట్టగానే, ‘ఏటి’ అనే మాట నోట రాకుండా జాగ్రత్తపడతాడు. తోటివారు నవ్వుతారని భయము. మన సినిమాలు కూడా ఆ యాసను చాలాకాలము నవ్వించే పాత్రలకే ఇచ్చినవి గదా!

ఆ కుర్రవాడే చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకొని వినేది రాప్ పాట. పెద్దలకు ఇది కొత్తగా ఉండవచ్చు. రాగము తక్కువ, మాట ఎక్కువ. తాళమునకు తగినట్లు వేగముగా మాటలు పేర్చి చెప్పడమే రాప్. 1970ల్లో న్యూయార్క్ నగరములోని బ్రాంక్స్ అనే పేటలో, బీద నల్లజాతి యౌవనస్థుల మధ్య ఇది పుట్టి పెరిగినది. పెద్ద కంపెనీల అండ లేకుండా, వీధిలోనో చిన్న గదిలోనో పాడుకొనేవారిని ‘అండర్‌గ్రౌండ్’ రాపర్లు అంటారు. ఆ పాటలలో బూతులున్నవి, గర్వమున్నది. వాటిని నేను సమర్థించుట లేదు. అయినను వారిలో ఒక పట్టుదల ఉన్నది. ఇతరుల మాటలు అరువు తెచ్చుకొనుట, బ్రదకని బ్రదుకును బ్రదికినట్లు పాడుట వారికి పెద్ద సిగ్గు.

మన తెలుగు బిడ్డనే చూడండి. రాజకుమారి అను పేరుతో పాడే శ్వేతా యల్లాప్రగడ రావు 1986లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, తెలుగువారి ఇంట పుట్టినారు. చిన్ననాటనే కూచిపూడి నేర్చినారు. పెద్దయ్యాక పేరున్న అమెరికా గాయకులకు పాటలు వ్రాసి ఇచ్చినారు. 2014లో ఫాల్ అవుట్ బాయ్ అనే బృందము పాడిన ‘సెంచురీస్’ పాట రచనలో ఆమె చేయి ఉన్నది. లోకమంతా ఆ పాట వినినది, గాని వినబడిన గొంతు వేరొకరిది. తరువాత 2016లో ‘ది కమ్ అప్’ అను తన పాటల సంపుటితో ఆమె స్వంత గొంతు విప్పినారు. నాట్యములో నేర్చిన జతులను రాప్‌లో కలిపినారు. ఆమె భక్తిమార్గము మనది కాదు. అయినను ఇతరుల నోటికి మాటలందించిన మనిషి, తన ఇంటి తాళముతో తన నోరు తెరచుట గమనించదగినది.

2017లో ఆమెతో కలసి ‘సిటీ స్లమ్స్’ పాడిన ముంబయి రాపర్ డివైన్ సంగతీ అటువంటిదే. వివియన్ ఫెర్నాండెజ్ అను ఈ క్రైస్తవ కుటుంబపు యువకుడు మొదట ఇంగ్లీషులో రాప్ చేసేవాడు. తన పేట హిందీలోనికి తిరిగిన తరువాతనే జనము అతనిని తమవాడని పిలిచినది.

అంత దూరమెందుకు? విశాఖ షిప్‌యార్డులో పనిచేసిన వంగపండు ప్రసాదరావు, 2020లో కన్నుమూసేవరకు, ఉత్తరాంధ్ర పలుకులోనే పాటలు కట్టినారు. ఆయన రాజకీయము మన ప్రసంగమునకు విషయము కాదు. ఏ యాసను చూసి లోకము నవ్వినదో, ఆ యాసనే లోకము నిలబడి వినునట్లు చేసినారాయన.

ఇప్పుడు ప్రధానయాజకుని ముంగిటికి రండి. రాత్రివేళ. లోపల ప్రభువు విచారణలో ఉన్నాడు. బయట పేతురు. ఒక చిన్నది, తరువాత మరొకతె అతనిని గుర్తుపట్టిరి. అతడు ఎరుగనన్నాడు. కొంతసేపటికి అక్కడ నిలిచియున్నవారు, నీ మాటతీరే నీవెవరివో చెప్పుచున్నదని పట్టుకొనిరి. గలిలయ యాస!

గలిలయవారి ఉచ్చారణ యెరూషలేమువారికి నవ్వులాట. గొంతులోనుండి పలుకవలసిన అక్షరములు వారికి స్పష్టముగా పలికేవి కావు. యూదుల తల్మూదులో ఒక ముచ్చట ఉన్నది. ఒక గలిలయుడు ఏదో సరుకు ఎవరి దగ్గర ఉన్నదని అడుగుచు తిరుగుచుండగా, విన్నవారు అతనిని వెక్కిరించిరి: ఓ వెర్రి గలిలయుడా, నీకు కావలసినది ఎక్కే గాడిదయా, త్రాగే ద్రాక్షారసమా, కట్టుకొనే ఉన్నియా, కోసే గొర్రెపిల్లయా? ఆ నాలుగు మాటలును అతని నోట ఒక్కటిగానే వినబడినవి మరి!

అటువంటి నోటితో పేతురు శపించుకొని, ఒట్టు పెట్టుకొని, ఆ మనిషిని నేనెరుగనన్నాడు. ఎంత విచిత్రము! ఎరుగనని చెప్పిన ఆ మాట కూడ గలిలయ యాసలోనే వచ్చినది. నోరు అబద్ధమాడుచుండగా యాస నిజము చెప్పుచున్నది. కోడి కూసినది. పేతురు వెలుపలికి పోయి ఏడ్చినాడు.

ప్రియులారా, ప్రభువు అతనిని అక్కడ విడిచిపెట్టలేదు. యోహాను సువార్త 21వ అధ్యాయములో, గలిలయ సముద్రతీరమున, బొగ్గుల నిప్పు దగ్గర, తండ్రి పేరు కలిపి ఇంటి పేరుతో పిలిచినట్లుగా, యోహాను కుమారుడైన సీమోనని మూడుమారులు పిలిచినాడు. తరువాత పెంతెకొస్తు దినమున జనము విభ్రాంతినొంది అడిగినదేమి? వీరందరు గలిలయులు గదా అని. ముంగిటిలో పేతురును పట్టించిన పుట్టుక ఇప్పుడు దేవుని కార్యమునకు గురుతైనది. యాస మారలేదు. నోరును యాసయు ఒకే సాక్ష్యము చెప్పసాగినవి.

తనకు తాను నిజముగా ఉండుట అంటే మనసుకు తోచినట్లు నడచుట కాదు. లోకము ఆ మాటను అట్లే వాడుచున్నది. పేతురు తన మనసుకు తోచినట్లే బొంకినాడు. దేవుడు నిన్ను ఏ ఇంట, ఏ పేటలో, ఏ పలుకులో పెట్టెనో దానిని సిగ్గుపడక, ఆ పలుకుతోనే ఆయనను ఒప్పుకొనుటయే నిజము.

తమ్ముడూ, ఇంటర్వ్యూలో శుద్ధమైన ఇంగ్లీషు మాటలాడు, తప్పులేదు. గాని కాలేజీ గేటు దగ్గర నీ తల్లి ఎదురుపడినప్పుడు ఆమె ఎవరని స్నేహితులు అడిగితే ఏమి చెప్పుదువు? చెల్లెమ్మా, ఆదివారము సంఘములో ఒక పేరు, సోమవారము ఆఫీసులో ఒక పేరు. దాని వెనుకనున్న భయము, బీదరికము ప్రభువు ఎరుగును. ఆయన నిన్ను గద్దించుటకు ముందు నీ కొరకు నిప్పు రాజేసి, చేపలు కాల్చి, రొట్టె సిద్ధపరచి ఉంచినాడు. సేవకులారా, టీవీలో వినిన ప్రసంగీకుని గొంతును, అతని కేకను మన పులుపిట మీదికి తేనక్కరలేదు. మన సంఘములోని అమ్మకు ‘ఏటి’ అంటేనే సువార్త అర్థమైతే, ‘ఏటి’ అనే చెప్పుదము.

ప్రార్థించుకొందము. పరలోకపు తండ్రీ, మా నోటిని నీవే చేసితివి. మేము దాచుకొన్న పలుకును, దాచుకొన్న తల్లిదండ్రులను, దాచుకొన్న నీ నామమును మాకు జ్ఞాపకము చేయుము. మనుష్యుల నవ్వుకు వెరవని ధైర్యము ఈ మాటలు విను ప్రతి యౌవనస్థునికి దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.