జ్ఞాపకానికి చిరునామా
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్వర్ణోత్సవ సభలో మాట్లాడమంటే అందరూ జ్ఞాపకాల గురించే మాట్లాడతారు. నేనూ మెమరీ గురించే మాట్లాడతాను, కాకపోతే అది కంప్యూటర్ మెమరీ. ముప్పై ఏళ్లుగా నాకు అన్నం పెడుతున్నది అదే. అందులో ‘మెమరీ మ్యాపింగ్’ అనే ఒక్క విషయం ఎంచుకున్నాను. లెక్కల అయ్యవార్లకు ఇది చాలా తేలిక. మిగిలినవారికి అడంగల్ అంటే ఏమిటో తెలిస్తే చాలు.

కంప్యూటర్ మెమరీని నంబర్లు వేసిన గళ్ల వరుస అనుకోండి. ఒక్కో గడిలో ఒక బైటు పడుతుంది. మా తరం ఇంజనీరింగ్ ల్యాబుల్లో కుస్తీ పట్టిన 8085 చిప్‌కు చిరునామా తీగలు 16. అంటే అది 65,536 గళ్లను పేరుపెట్టి పిలవగలదు. అయితే ఆ నంబర్లన్నీ మెమరీకే ఇవ్వాలని రూలేమీ లేదు. కొన్ని నంబర్లను తెరకో, కీబోర్డుకో, డిస్కులోని ఫైలుకో కేటాయించవచ్చు. అలా కేటాయించడమే మ్యాపింగ్.

ముందు పరికరాల సంగతి. 1984లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ అనే పథకం కింద దేశంలోని కొన్ని వందల బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. మా వయసువాళ్లలో కొందరు కంప్యూటర్‌ను మొదట చూసింది అలాగే. దానిలో 40 నిలువు వరుసలు, 25 అడ్డ వరుసల అక్షరాల తెర ఒకటి ఉండేది. ఆ తెర మెమరీలో 31744వ గడి దగ్గర మొదలవుతుంది. తెరను శుభ్రం చేసి ఆ గడిలో 65 అనే అంకె వేస్తే, ఎడమవైపు పైమూలన ఇంగ్లీషు ‘ఎ’ అక్షరం కనిపిస్తుంది. రెండో వరుస మొదట్లో కనిపించాలంటే 40 కలిపి 31784లో వేయాలి. ప్రింటు చేయమని ఎవరినీ అడగక్కర్లేదు. మెమరీలో రాస్తే తెర మీద రాసినట్టే. అదే యంత్రంలో 64512 నుంచి 768 చిరునామాలను బయటి పరికరాలకు, లోపలి పోర్టులకు విడిగా ఉంచారు. ఆ గళ్లలో రాస్తే అది మెమరీకి పోదు, పరికరానికి అందుతుంది. ‘మెమరీ మ్యాప్డ్ ఐఓకూ, ఐఓ మ్యాప్డ్ ఐఓకూ తేడాలు రాయుము’ అని పరీక్షలో బట్టీ పట్టిన జవాబుకు అర్థం ఇంతే.

ఇక ఫైళ్ల సంగతి. తహసీల్దారు కార్యాలయంలో అడంగల్ ఉంటుంది. అందులో సర్వే నంబరు, విస్తీర్ణం, సాగుదారు పేరు ఉంటాయి. పొలం మాత్రం ఆ పుస్తకంలో ఉండదు. అది ఊళ్లో ఉంటుంది. నంబరు చూసుకుని అవసరమైనప్పుడు పొలానికి పోతాం. కంప్యూటర్‌లో ఆ అడంగల్ లాంటిదే పేజీ టేబుల్. ప్రోగ్రాము వాడే చిరునామా ఒకటి, అసలు సరుకు ఉన్న చోటు ఇంకొకటి. రెండింటినీ కలిపేది ఆ పట్టిక. ఈ పద్ధతికి ఇంగ్లండులో మాంచెస్టర్ విశ్వవిద్యాలయం వారు 1962లో ప్రారంభించిన అట్లాస్ కంప్యూటర్ దారి చూపింది. ఫైళ్లను ఇలా మెమరీలోకి అమర్చే ‘ఎమ్‌మ్యాప్’ అనే పిలుపు 1988లో వచ్చిన సన్‌ఓఎస్ 4.0తో యూనిక్స్ ప్రపంచంలో స్థిరపడింది.

మామూలుగా ఫైలు చదివితే సరుకు రెండుసార్లు చేతులు మారుతుంది. డిస్కు నుంచి ఆపరేటింగ్ సిస్టమ్ తన దగ్గరికి తెచ్చుకుంటుంది. అక్కడి నుంచి మన ప్రోగ్రాముకు నకలు తీసి ఇస్తుంది. మ్యాప్ చేస్తే రెండో నకలు ఉండదు. అయిదు జీబీల ఫైలును మ్యాప్ చేసినా ఆ క్షణంలో చదివేది దాదాపు ఏమీ ఉండదు, పట్టికలో నమోదు మాత్రమే జరుగుతుంది. మనం ఏదో ఒక చోట ముట్టుకున్నప్పుడు, ఆ పేజీ మెమరీలో లేదని తెలిసి ప్రాసెసర్ ఆగుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ ఆ పేజీని తెచ్చిపెడుతుంది. పేజీ అంటే సాధారణంగా 4,096 బైట్లు. దీన్ని ‘పేజీ ఫాల్ట్’ అంటారు. పేరులో ఫాల్ట్ ఉన్నా ఇందులో ఎవరి తప్పూ లేదు.

శ్రీహరికోటలో డాప్లర్ వాతావరణ రాడార్ ఉంది. అలాంటి రాడార్ల కొలతలు రోజులకు రోజులు పోగుపడితే ఎంత పెద్ద ఫైళ్లవుతాయో ఊహించండి. తుపాను వేళ మనకు కావలసింది కావలి నుంచి పులికాట్ దాకా ఉన్న ముక్క ఒక్కటే అయితే, మొత్తం మోసుకురావడం దేనికి? ఇలాంటి చోట మ్యాపింగ్ బాగా పనికొస్తుంది. మీ ఫోన్‌లో తెలుగు చూపించే ఫాంటు ఫైలు సంగతీ అంతే. ఆండ్రాయిడ్‌లో దాన్ని మ్యాప్ చేసి వాడతారు కాబట్టి, పది యాప్‌లు తెలుగు చూపించినా మెమరీలో ఆ ఫాంటు ఒక్కటే ఉంటుంది.

ఇన్ని మంచి మాటలు చెప్పాక, దీని వెనక ఉన్న ప్రమాదం కూడా చెప్పాలి. కొన్నేళ్ల కిందట మన తీరంలో ఒక రొయ్యల గుంటల యజమాని నన్ను పిలిపించారు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గే వేళ ఏరియేటర్లు ఆగిపోయి ఒక గుంటలో సరుకంతా పోయింది. ‘కరెంటు పోయాకే ఆగాయయ్యా, జనరేటర్ అందుకోలేదు’ అంటాడు కాపలా కుర్రాడు. ‘కరెంటు పోకముందే ఆగాయి, నువ్వు నిద్రపోయినావు’ అంటారు యజమాని. ఏరియేటర్ల కరెంటును, ఆక్సిజన్‌ను అయిదు సెకన్లకోసారి రాసుకునే చిన్న పెట్టె అక్కడ ఉంది. అందులో చూస్తే తేలిపోవాలి. చూస్తే, సరిగ్గా ఆఖరి పది నిమిషాలు లేవు.

కారణం వెతికితే దొరికింది. ఆ పెట్టె కొలతలను మ్యాప్ చేసిన ఫైలులో రాస్తోంది. మ్యాప్ చేసిన పేజీలో రాసినది వెంటనే డిస్కుకు పోదు. తీరిక చూసుకుని ఆపరేటింగ్ సిస్టమ్ పంపుతుంది. లినక్స్‌లో మామూలు గడువు 30 సెకన్లు. మెమరీ కార్డు త్వరగా అరిగిపోతుందని ఆ గడువును పది నిమిషాలకు పెంచి ఉన్నారు. కరెంటుతోపాటు పెట్టె కూడా ఆగింది. పంపకుండా ఉన్నదంతా పోయింది. పరీక్షించినప్పుడు ఇది బయటపడదు. ఎందుకంటే యంత్రం నడుస్తున్నంతసేపూ వేరే ప్రోగ్రాముతో ఆ ఫైలును తెరిచినా కొత్త కొలతలు కనిపిస్తాయి. ప్రోగ్రామును మధ్యలో చంపినా అవి నిలుస్తాయి. కరెంటు తీసేస్తేనే అసలు రంగు తెలుస్తుంది.

మందు సులువే. ప్రతి కొలత తరవాత ‘ఎమ్‌సింక్’ అని ఒక పిలుపు పిలిచి, డిస్కుకు చేరిందని జవాబు వచ్చేదాకా ఆగాలి. కార్డు అరిగితే మార్చుకోవచ్చు. పెట్టెకు చిన్న బ్యాటరీ కూడా పెట్టించాం. అయితే ఆ పది నిమిషాలను ఎవరూ తిరిగి తేలేకపోయారు. ఆ కుర్రాడిది తప్పో కాదో తేలకుండానే అతని పని పోయింది. అందుకే మా దగ్గర కొత్తగా చేరే ఇంజనీర్లకు నేను మొదట వేసే ప్రశ్న ఒకటే: ‘ప్లగ్గు పీకి చూశారా?’

ఇంకో జాగ్రత్త. మనం మ్యాప్ చేసుకున్న ఫైలును వేరే ప్రోగ్రాము కత్తిరించి చిన్నది చేస్తే, పోయిన భాగాన్ని ముట్టుకోగానే మన ప్రోగ్రాము కూలిపోతుంది. పెన్న కోసుకుపోయిన పొలానికి అడంగల్‌లో నంబరు మిగిలినట్టు అన్నమాట. చిన్న ఫైలును మొదటి నుంచి చివరికి ఒక్కసారి చదవాలంటే మామూలు పద్ధతే చాలు.

పిల్లలకు ఒక మాట. ఎక్కడ ఉందో తెలియడం, చేతికి అందడం, భద్రంగా నిలవడం – ఈ మూడూ ఒకేసారి జరిగినట్టు యంత్రం చూపిస్తుంది. మూడింటినీ విడదీసి అడగడం నేర్చుకోండి. యాభై ఏళ్ల బడి రిజిస్టర్లను, ఫొటోలను కంప్యూటర్‌లోకి ఎక్కించాలని మన సంఘం అనుకుంటోంది. చాలా మంచి పని. ఎక్కించాక ఒక ప్రతిని వేరే ఊళ్లో దాచండి. ఏడాదికోసారి దాన్ని తెరిచి చూడండి.