ఇంటివాళ్లకు తెరుచుకున్న గేటు



ఎవరి పేరిట ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆయన ప్రొబేషన్ అధికారి ఉద్యోగమంతా కేసుల్లో చిక్కుకున్న పిల్లల ఇళ్లకు వెళ్లి, గడపలో కూర్చుని, అమ్మానాన్నలతో మాట్లాడి నివేదికలు రాయడంలోనే గడిచింది. అందుకని బాలల న్యాయ చరిత్రను నేను కోర్టు వైపు నుంచి కాకుండా ఆ గడప వైపు నుంచి చెప్తాను. పిల్లవాణ్ణి లోపల పెట్టిన ప్రభుత్వం, గేటు బయట నిలబడ్డ తల్లిని ఏమనుకుంది? ఇవాళ నా ప్రశ్న అదొక్కటే.

మొదట్లో చాలా చెడ్డగా అనుకుంది. ఇంగ్లండులో మేరీ కార్పెంటర్ అనే ఆవిడ, పిల్లల్ని పెద్ద ఖైదీలతో కలిపి జైల్లో వేయడం అన్యాయమని, వాళ్లకు వేరే సంస్కరణ పాఠశాలలు కావాలని 1851లో పుస్తకమే రాసింది. దయగల మనిషి. 1866లో మన దేశానికీ వచ్చి ఇదే మాట చెప్పింది. అయితే ఆనాటి ఆ దయలోనే ఒక ముల్లుంది. పిల్లవాడు చెడింది ఇంటి వల్ల, కనుక బాగుపడాలంటే ఇంటికి దూరం చేయాలి అన్నది ఆ తరం సంస్కర్తల్లో చాలామంది నమ్మకం. ఇక్కడ 1850 నాటి అప్రెంటిస్ చట్టం పది నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లల్ని పనివాళ్ల దగ్గర కుదిర్చే ఏర్పాటు చేసింది. 1857లో బొంబాయిలో డేవిడ్ ససూన్ పేరుతో సంస్కరణ పాఠశాల వెలిసింది. 1876లో రిఫర్మేటరీ స్కూళ్ల చట్టం వచ్చింది, 1897లో దాన్ని తిరగరాశారు. పదిహేనేళ్లలోపు మగపిల్లవాణ్ణి మూడేళ్లకు తగ్గకుండా, ఏడేళ్లకు మించకుండా ఆ పాఠశాలల్లో ఉంచవచ్చని అది చెప్పింది. ఆడపిల్లల ఊసు ఆ చట్టంలో లేదు.

మద్రాసు రాజధానిలో అలాంటి పాఠశాల 1887లో చెంగల్పట్టులో మొదలైంది. అప్పటికి విశాఖపట్నం నుంచి మద్రాసుకు నేరుగా రైలు కూడా లేదు. ఉత్తరాంధ్ర కూలివాడి కొడుకు ఏ దొంగతనం కేసులోనో అక్కడికి చేరితే, చూడ్డానికి ఎవరు వెళ్లగలరు? ములాఖత్‌ను ఎవరూ నిషేధించనక్కర్లేదు. దూరమే ఆ పని చేసిపెట్టింది.

ఇంతకన్నా ఘోరం ఇంకోటుంది. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1897లో సవరించి, ఆ తెగల పిల్లల్ని నాలుగేళ్ల వయసు నుంచే తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే సంస్కరణ కేంద్రాల్లో ఉంచే అధికారం ప్రభుత్వాలకు ఇచ్చారు. నాలుగేళ్ల పిల్ల ఏ నేరం చేస్తుందండీ? తల్లి కడుపున పుట్టడమే నేరం. బాపట్ల దగ్గరి స్టువర్టుపురంలో సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్మెంటు, కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపిన సెటిల్మెంటు తర్వాత తిరగరాసిన ఈ చట్టం నీడలో లేచినవే. బడి పెట్టారు, పని నేర్పారు, నిజమే. కానీ ఆ సెటిల్మెంట్లలోని ఎరుకల తల్లిదండ్రులను పిల్లలకు అంటుకునే జబ్బులా చూసిన చట్టం అది. 1952లో దాన్ని రద్దు చేసినా, ఆ చూపు మాత్రం కొన్ని పోలీసు స్టేషన్లలో ఇంకా రిటైర్ కాలేదు.

ఆ తర్వాతి మలుపులు త్వరగా చెప్పేస్తాను. 1919-20 నాటి భారత జైళ్ల కమిటీ పిల్లలకు వేరే కోర్టులు, వేరే వసతులు ఉండాలంది. 1920లో మద్రాసు బాలల చట్టం వచ్చింది, దేశంలో అదే మొదటిది. ఇంగ్లండులో కెంట్‌లోని బోర్స్టల్ అనే ఊళ్లో పుట్టిన, కుర్ర నేరస్థులను పెద్ద ఖైదీలకు వేరుగా ఉంచే పద్ధతిని మద్రాసు ప్రభుత్వం 1925 నాటి చట్టంతో తెచ్చుకుంది. ఆ ఊరి పేరు మన జైళ్ల శాఖ పరిభాషలో స్థిరపడిపోయింది. ఇంగ్లండు తన బోర్స్టళ్లను 1982 చట్టంతో ఎత్తేసినా, మనం ఆ పేరును వదల్లేదు.

చట్టాలున్నా పిల్లలు జైళ్లలోనే మగ్గుతున్నారని 1980లలో షీలా బర్సే అనే పాత్రికేయురాలు సుప్రీంకోర్టుకెక్కారు. పిల్లల్ని జైల్లో పెట్టొద్దని 1986లో కోర్టు గట్టిగా చెప్పింది. అదే ఏడు దేశమంతటికీ ఒకే జువైనల్ జస్టిస్ చట్టం వచ్చింది. 2000లో వచ్చిన కొత్త చట్టం మగపిల్లలకూ వయోపరిమితిని పద్దెనిమిదికి పెంచింది.

ఇక నా ప్రశ్నకు జవాబు మారిన చోటు. ఆ చట్టం కింద వచ్చిన 2007 నమూనా నియమాలు తల్లిదండ్రులూ బంధువులూ నెలకోసారి, అవసరమైతే సూపరింటెండెంటు అనుమతితో ఇంకా ఎక్కువసార్లు పిల్లల్ని కలవవచ్చన్నాయి. పిల్లలు ఎన్ని ఉత్తరాలైనా రాసుకోవచ్చు. ఇంటి ఆచూకీ తెలిసిన పిల్లవాడి చేత నెలకు ఒక్క ఉత్తరమైనా రాయించాలి, పోస్టేజీ ఖర్చు పిల్లవాణ్ణి ఉంచిన హోమ్‌దే. ఆ పోస్టేజీ మాట రాసిన అధికారి ఎవరో గాని, మనసున్న మనిషి. 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టం ఇంకో అడుగు వేసి, పిల్లవాడి బాధ్యత మొదట కుటుంబానిదని, సంస్థలో ఉంచడం అన్నిటికన్నా చివరి మార్గమని మూల సూత్రాల్లోనే రాసుకుంది. చదువు, వృత్తి శిక్షణ, మానసిక ఆరోగ్యం, వ్యసన విముక్తి, న్యాయ సహాయం, చివరికి జనన నమోదు, గుర్తింపు పత్రాలు కూడా సంస్థ ఇవ్వాల్సిన సేవలే.

అబ్జర్వేషన్ హోమ్‌లో రోజు ఎలా గడుస్తుందో మీలో చాలామందికి తెలుసు. పొద్దున్నే ప్రార్థన, వ్యాయామం, టిఫిను, తరగతి, మధ్యాహ్నం ఏదో ఒక పని శిక్షణ, సాయంత్రం ఆట, కాసేపు టీవీ. కాగితం మీద అంతా ఉంది. అయితే అక్కడికొచ్చేది విచారణలో ఉన్న పిల్లలు. ఒకడు వారంలో బెయిలు మీద వెళ్తాడు, ఒకడు నెలలు ఉంటాడు. ఆ తరగతికి పాఠం చెప్పే టీచరు కష్టం వేరే చెప్పాలా? కనీసం పడుకునే చోటు ఒక్కొక్కరికి 40 చదరపు అడుగులన్నది నియమం. హోమ్‌కు వెళ్లే పెద్దలు గోడ మీది బొమ్మలు మెచ్చుకుని రాకుండా ఆ గది కొలవాలని నా కోరిక.

పాత అనుమానం పోయిందనుకోకండి. 2015 చట్టం 12వ సెక్షన్ ప్రకారం నేరం ఏదైనా పిల్లవాడికి బెయిలే మామూలు. నేరస్తులతో కలుస్తాడనో, నైతికంగానో శారీరకంగానో మానసికంగానో ప్రమాదమనో, న్యాయానికి భంగమనో నమ్మడానికి కారణముంటేనే కాదనాలి. ఈ 'నైతిక ప్రమాదం' అన్న మాట పేదవాడి గడప దగ్గర ఎంత సులువుగా వాలుతుందో! తండ్రి తాగుతాడు, తల్లి పాచిపనికి పోతుంది, ఇల్లు బస్తీలో ఉంది. ఇవన్నీ ప్రమాదాలుగా రాస్తే 1897కు మనకు తేడా ఏముంది? పదహారు దాటిన పిల్లల మీద ఘోరమైన నేరాల ఆరోపణ వస్తే పెద్దల్లా విచారించవచ్చో లేదో జువైనల్ జస్టిస్ బోర్డు ప్రాథమికంగా అంచనా వేసే పద్ధతిని కూడా ఇదే చట్టం తెచ్చింది. కుటుంబమే మొదటి బాధ్యత అన్న చట్టానికి అది అతకదని నా అభిప్రాయం.

ములాఖత్‌ను దయగా చూడొద్దు, చికిత్సలో భాగంగా చూడండి. ఇంటికి తిరిగి వెళ్లాల్సిన పిల్లవాడికి ఇంటివాళ్లతో మాట తెగకూడదు. పక్క జిల్లా నుంచి వచ్చే తల్లి ఒక రోజు కూలీ, రానూపోనూ బస్సు చార్జీ పోగొట్టుకుంటుంది. ఈ సభలో కూర్చున్న న్యాయమూర్తులకూ, అధికారులకూ నా విన్నపం: ఆదివారం ములాఖత్ పెట్టండి, ఆ చార్జీ డబ్బులు సంస్థ ఖాతాలో రాయించండి. ప్రొబేషన్ అధికారి ఖాళీలు నింపి, ఆ ఇళ్లకు మళ్లీ మనుషుల్ని పంపండి.