ఇంటి కుట్టు – లెక్కలో చేరవలసిన పని
(ఉపన్యాస పాఠం)



బడిలో ఉర్దూ చెప్పుకునే మాస్టర్లకు సూదీ దారంతో ఏం పని అని కొందరు అనుకోవచ్చు. కాని మేము చెప్పే మాటలు దర్జీ కొట్లోనూ వినపడతాయి. జేబు అరబ్బీ నుంచి, అస్తరు, దర్జీ ఫార్సీ నుంచి వచ్చాయి. బొత్తాం, ఇస్త్రీ పోర్చుగీసువారివి. ఇవాళ అన్నీ తెలుగు మాటలే.

మన చాంద్రమాన సంవత్సరం సుమారు 11 రోజులు చిన్నది. అలా జరుగుతూ వచ్చి, 2025లో ఉగాది మార్చి 30న, మర్నాడే ఈద్ వచ్చాయి. అటువంటి రోజుల్లో దర్జీకి తీరిక ఎక్కడిది? పెద్ద బట్టలు ఆయనకే ఇద్దాం, చిన్నవి ఇంట్లో కుట్టుకుందాం. ముందుగా ఒక్క మాట: కొత్త నూలు గుడ్డను తడిపి, ఆరేసి, ఇస్త్రీ చేశాకనే కత్తెర పెట్టండి. లేకపోతే కుట్టాక ముడుచుకుపోతుంది.

మొదటిది సంచి. 120 మైక్రాన్లకన్న పలచని ప్లాస్టిక్ సంచులు 2022 డిసెంబరు 31 నుంచి నిషిద్ధం కదా. 38 అంగుళాల నిడివి, 16 అంగుళాల వెడల్పు గల ముతక గుడ్డను సగానికి మడిచి, రెండు పక్కలా అర అంగుళం వదిలి కుట్టండి. మూతి దగ్గర అంగుళంన్నర లోపలికి మడవండి. 18 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పు పట్టీలు రెండు తీసుకొని, నాలుగు మడతలు వేసి కుట్టి, పిడులుగా బిగించండి. బరువు పిడులమీదే పడుతుంది గనుక అక్కడ రెండుసార్లు కుట్టాలి.

రెండోది దిండు గలీబు. 27 అంగుళాల పొడవు, 18 అంగుళాల వెడల్పు దిండుకు 62 అంగుళాల నిడివి, 19 అంగుళాల వెడల్పు గుడ్డ చాలు. రెండు కొసలూ అంగుళం చొప్పున మడిచి కుట్టి, కొసలు ఒకదానిమీద ఒకటి 6 అంగుళాలు పడేలా తిరగేసి మడిచి, పక్కలు కుట్టండి. బొత్తాలక్కరలేదు.

మూడోది బొంత. పాత నూలు చీరలు నాలుగైదు పొరలుగా పరిచి, ముందు వదులుగా టాకాలు వేసుకొని, నడిమి నుంచి అంచులకు కుట్టుకుంటూ రావాలి. ఈ ఎండల్లో ఉతికితే త్వరగా ఆరుతుంది, వానాకాలానికి సిద్ధంగా ఉంటుంది. దూది ఏకిన, బొంతలు కుట్టిన పెద్దలు మన దూదేకుల కుటుంబాల్లో ఉంటారు. అడిగి నేర్చుకోండి.

ఇక అసలు సంగతి. మన నర్సాపురం లేసు 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చి, దేశదేశాలకు వెళ్లింది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. కాని అల్లిన చేతుల మాటేమిటి? మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1982లో ఆ స్త్రీలమీద పుస్తకం ప్రచురించారు. వాళ్లను గృహిణులుగా, వాళ్ల పనిని తీరికవేళ కాలక్షేపంగా చూడడంవల్లనే కూలి అంత తక్కువగా ఉండిపోయిందని, లాభం వ్యాపారులకు పోయిందని ఆమె తేల్చిచెప్పారు.

ఈ మాట మన ఇళ్లకూ వర్తిస్తుంది. పక్కింటివారికి జాకెట్టు కుట్టిపెట్టిన ఆపా గుడ్డ, దారం ఖరీదు అడుగుతుంది గాని, తన రెండు గంటలు అడగదు. "ఊరికే కూర్చుని కుట్టిందే కదా" అంటారు ఇంట్లోవాళ్లు కూడా. ఊరికే ఎవరూ కుట్టరమ్మా! కళ్లు, నడుము అరిగితేనే కుట్టు పడుతుంది.

కాబట్టి మా మనవి రెండు మాటలు. కుట్టే ప్రతి ఇంట్లో ఒక నోటుపుస్తకం పెట్టండి. గుడ్డ, దారం, గంటలు మూడూ రాయండి, మూడూ కలిపి ధర చెప్పండి. లెక్క రాదంటే మీ పిల్లలచేత రాయించండి, వాళ్లకూ లెక్కలు వస్తాయి. రెండోది, మగపిల్లలకూ సూది ఇవ్వండి. ప్రవక్తగారు (సల్లల్లాహు అలైహి వసల్లం) తమ బట్టలు తామే కుట్టుకునేవారని హదీసుల్లో ఉన్నది. మన అబ్బాయి తన చొక్కా బొత్తాం తాను కుట్టుకుంటే తక్కువైపోడు. అమ్మ పని ఎంతటిదో ఆ ఒక్క బొత్తాంతో వాడికి తెలుస్తుంది.

సెలవు.